అందరూ కళ్ళు మూసుకున్న నాటకం

ఆ రోజుల్లో సిగ్గరి పిల్లలు దాక్కోవడానికి పుస్తకాన్ని మించిన చోటు లేదని నేను గట్టిగా నమ్మేదాన్ని. డెబ్బైల నడిమి సంవత్సరాలవి. అమ్మ మస్కట్‌లో ఆసుపత్రి నర్సు. నాన్న దూరాన సూర్ అనే రేవు ఊరి వైపు రోడ్డు సైట్‌లో పనిచేస్తూ నెలకోసారి ఇంటికొచ్చేవాడు. తొమ్మిదో తరగతిలో కుట్టుపని, నాటకం, ఈ రెండింట్లో ఒక సబ్జెక్టు తీసుకోమన్నారు. నాటకమంటే నాటకాలు చదవడమే కదా అనుకుని సంతోషంగా పేరు రాయించుకున్నాను. మొదటిరోజే మిస్ బల్లలన్నీ గోడకు జరిపించింది. (ఆవిడ కేరళావిడ, ఇంగ్లీషులో మాట్లాడేది. ఆ మాటలు తెలుగులో రాస్తున్నాను.) "పుస్తకం ఏదీ మిస్?" అని గొణిగాను. "పుస్తకం తర్వాత. ప్రస్తుతానికి నువ్వు నీళ్ళు మోసే గాడిదవి. ఏదీ, నడువు!" అంది. నాలుగు కాళ్ళెలా తేవాలో తెలియక అక్కడే నిలబడిపోయాను. "ఇది మొండిగాడిద. బాగానే చేసింది," అని మిస్ మెచ్చుకుంది.

అమ్మకు చెబితే నవ్వింది. "ఏమే, క్రిస్మస్ నాటకంలో గొర్రెవేషం వేశావుగా! ఇదీ అంతే." గొర్రెకు మాటలుండవని, ముఖం మీద దూది ఉంటుందని అమ్మకు గుర్తులేదు. మరో సంగతి మాత్రం బాగా గుర్తుంది. "ఫెయిలయ్యావంటే గుంటూరు హాస్టలే. మీ నాన్నకి నేను మాటిచ్చాను." ఆ హాస్టల్‌లో మా పెద్దమ్మ కూతురు ఉండేది. అక్కడి సాంబారు గురించి అది ఉత్తరాల్లో రాసిందంతా చదివి ఉన్నాను.

విచిత్రమేమిటంటే, ఆ క్లాసులో ఒక పని నాకు బాగా నచ్చింది. మనుషులను గమనించి రమ్మనేది మిస్. మస్కట్ రేవు పక్కనున్న మత్రా బజారులో బేరం కుదిరాక కూడా ఖర్జూరాలమ్మే తాత తల ఎందుకు అడ్డంగా ఊపుతాడు? పడవలోంచి దిగిన మనిషి నేల మీద కాసేపు ఎందుకు తూలుతూ నడుస్తాడు? అన్నీ డైరీలో రాసుకునేదాన్ని. రాయడం వరకూ నేనే ఫస్టు. నలుగురి ముందు నిలబడి చేయమంటేనే గొంతు ఎక్కడికో పారిపోయేది. ఎదుటివాళ్ళ కళ్ళు నా మీద పడితే చాలు, గోడవైపు తిరిగిపోయేదాన్ని.

సంవత్సరం చివర పరీక్ష అంటే తల్లిదండ్రుల ముందు నాటకం. సూర్ పడవ తుఫానులో చిక్కుకుంటుంది, ఒడ్డున తల్లి కొడుకు కోసం ప్రార్థిస్తుంది. ఆ తల్లిని నేను. మార్కులన్నీ ఆ ప్రార్థనకే. ముందు వరుసలో అమ్మ, ఆసుపత్రి నుంచి వచ్చిన నర్సు ఆంటీలందరూ, వాళ్ళ పై అధికారి మేట్రన్ గారూ (అక్కడ వారపు సెలవు శుక్రవారం, అదే మాకు ఆదివారం కాబట్టి ఆరాధన ముగించుకుని నేరుగా వచ్చారు), పక్కన మార్కుల కాగితంతో మిస్. తల్లి వేషానికి కట్టిన చీరలో నేను మోకరించాను. ఇంగ్లీషు డైలాగు మొదటి మాట దగ్గరే మాయమైంది. అన్ని కళ్ళూ నా మీదే ఉన్నాయి. భయానికి కళ్ళు గట్టిగా మూసుకున్నాను. అప్పుడు రోజూ డ్యూటీకి వెళ్ళే ముందు అమ్మ చేసే ప్రార్థన నా నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

"కృపగల తండ్రీ, నీకు స్తోత్రం..."

కుర్చీలు కిర్రుమన్నాయి. నర్సు ఆంటీలందరూ లేచి, కొంగు తలమీద కప్పుకుని, కళ్ళు మూసుకున్నారని తర్వాత తెలిసింది. మిస్ కూడా లేచిందట. ఎవరూ చూడటం లేదన్న సంగతి నా ఒంటికెలా తెలిసిందో గానీ, గొంతు విచ్చుకుంది. సముద్రంలో ఉన్న బిడ్డను కాపాడమన్నాను. అలలను ఆపమన్నాను. అమ్మ ప్రార్థన ఇంకా మిగిలి ఉంది కాబట్టి నీళ్ళ ట్యాంకరు వేళకు రావాలన్నాను, మేట్రన్ గారి మనసు మెత్తబరచమన్నాను. "ఆమెన్!" అని హాలు దద్దరిల్లింది. (తెలుగు రాని మేట్రన్ గారిదే అందరికంటే పెద్ద గొంతు.)

నాటకం అయ్యాక మిస్ దిగులుగా నిలబడింది. "బాగా వినిపించింది. కానీ నేనూ కళ్ళు మూసుకున్నానే! ముఖం చూడకుండా నటనకు మార్కులెలా వేయను? ఎవరైనా చూశారా?" ఆంటీలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ప్రార్థనలో కళ్ళు తెరిచామని ఎవరు ఒప్పుకుంటారు? నాకు గుంటూరు సాంబారు వాసన వచ్చేసింది.

"నేను చూశాను," అంది అమ్మ.

ప్రార్థనలో కన్ను తెరిచినందుకు నాకు ఊహ తెలిసినప్పటినుంచీ తొడపాశాలు పెట్టిన అమ్మ!

"అదేంటి సిస్టర్, ప్రార్థనలో కళ్ళు తెరిచే ఉన్నారా?" అంది ఒక ఆంటీ.

"తెరిచే ఉన్నాను. నా పిల్ల ఏం చేస్తుందో చూసుకోవద్దా?" అమ్మ ముఖం ఎర్రబడింది. మిస్ వైపు తిరిగి తన ఇంగ్లీషులో చెప్పుకుపోయింది. "మోకాళ్ళ మీదే సముద్రం వైపు వంగింది మిస్. బిడ్డ మాట వచ్చినప్పుడు కొంగు పిండేసింది. చివర్లో పడవ కనపడ్డట్టు తల ఎత్తింది." నేను తల ఎత్తానా? ఆ సంగతి నాకే తెలియదు. మిస్ పెన్ను తీసి, అమ్మ మాట మీద పాస్ మార్కులు వేసింది.

ఇప్పుడు నేనూ అమ్మలాగే ఆసుపత్రి డ్యూటీకి వెళ్తున్నాను. నలుగురిలో మాట్లాడమంటే ఇప్పటికీ గోడవైపే చూస్తాను. భోజనం ముందు అమ్మ ప్రార్థన చేస్తున్నప్పుడు మాత్రం, తొడపాశం వయసు దాటిందన్న ధైర్యంతో, ఒక కన్ను కొంచెం తెరుస్తాను. ఎదురుగా అమ్మ, పెదాలతో ప్రార్థన సాగిస్తూనే, ఒక కంటితో నా కంచం వంక చూస్తూ ఉంటుంది.