చస్తే మళ్ళీ లేవని ఆట

ఆ రోజుల్లో విజయవాడకి ఒక కంప్యూటర్ ఆట రావాలంటే ముందు దాని పుకారు వచ్చేది. ఆ తర్వాత ఎవరో ఒకరు కంప్యూటర్ పత్రికలో రెండు బొమ్మలు చూసొచ్చి, ఆట మొత్తం తనే ఆడినట్టు చెప్పేవారు. తర్వాత అది వాయిదా పడేది. మళ్ళీ వాయిదా పడేది. చివరికి ఎప్పుడో ఎవరి పిన్ని కొడుకో స్కెచ్ పెన్నుతో పేరు రాసిన సీడీ ఒకటి పట్టుకుని హైదరాబాదు బస్సు దిగేవాడు. ఇప్పుడు ఫోన్ మీద వేలు పెడితే ఆట దిగిపోతోంది. ఎదురు చూడటం అనే పని పిల్లలకి లేకుండా పోయింది. నాకు చాలా విషయాల మీద ఫిర్యాదులున్నాయి (మా ఇంట్లో అడిగి చూడండి, ఏ ఏడాదివి కావాలంటారు), కానీ రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఒక ఆట కోసం నేను పడిన ఎదురుచూపు మీద మాత్రం ఏ ఫిర్యాదూ లేదు. ఎందుకంటే దానికోసం నేను సరదాగా ఎదురు చూడలేదు. న్యాయం కోసం ఎదురు చూశాను.

అప్పుడు నేను డిగ్రీ రెండో ఏడు. మాది పామర్రు. చదువు కోసం సత్యనారాయణపురంలో గది తీసుకుని ఉండేవాణ్ణి. ఆదివారం మధ్యాహ్నం భోజనం అయిందంటే గవర్నరుపేటలో ఒక టైలరు షాపు పైనున్న నెట్ సెంటర్‌కి చేరేవాణ్ణి. దాని యజమానిని అందరం భాయ్ అనేవాళ్ళం. వాళ్ళ నాన్నగారిది అదే వీధిలో గడియారాల రిపేరు షాపు. అక్కడ అబ్బిన ఓపికతోనే భాయ్ కంప్యూటర్లు విప్పి బిగించేవాడు. ఒక గోడకి ఐదు, ఎదురు గోడకి ఐదు కంప్యూటర్లు. ఒకే ఒక్క ఏసీ, అది భాయ్ కుర్చీని మాత్రమే చల్లబరిచేది. (ఈ సంగతి ఆయనకి చాలాసార్లు చెప్పాను. "అది కంప్యూటర్లకి పెట్టింది తమ్ముడూ, మనుషులకి కాదు" అనేవాడు. నిజానికి కంప్యూటర్లకీ తగిలేది కాదు.)

అప్పటిదాకా మేం ఆడుతున్న ఆటలో పరిగెత్తడం, కాల్చడం, చావడం, మూడు లెక్కపెట్టేలోపు మళ్ళీ పుట్టడం తప్ప ఏమీ లేదు. ఎక్కువ పరిగెత్తినవాడే గొప్పవాడు. మా జట్టు నాయకుడు వన్‌టౌన్ బట్టల వ్యాపారుల పిల్లవాడు. వెనకా ముందూ చూడకుండా దూసుకుపోతాడని అతన్ని నాన్‌స్టాప్ అనేవారు. నేను ప్రతి గోడ మూల దగ్గరా ఆగి, అటూ ఇటూ చూసి గానీ అడుగు వెయ్యను. అందుకని నాకు ఆర్డినరీ అని పేరు పెట్టారు. ఆ పేరు పెట్టింది ఎవరో, ఆ సమయంలో ఎవరెవరు నవ్వారో, ఎవరు కాస్త ఎక్కువ నవ్వారో నాకింకా గుర్తే. పైగా నాన్‌స్టాప్‌కి ఒక పాడు అలవాటుండేది. ఆ ఆటలో సొంత జట్టువాడి గుండు తగిలినా ఏమీ కాదు కాబట్టి, శత్రువులు దొరకనప్పుడల్లా నా వీపు మీద కాలుస్తూ కాలక్షేపం చేసేవాడు. "ఏం కాదులేరా, తగిలినా దిగదుగా!" అని మళ్ళీ నాకే సర్దిచెప్పేవాడు.

ఇంతవరకూ సహించాను. కానీ పటమట కుర్రాళ్ళతో పోటీ పెట్టుకున్న ఆదివారం నేను వెళ్ళేసరికి నా కుర్చీలో నాన్‌స్టాప్ బామ్మర్ది కూర్చుని ఉన్నాడు. "ఏవనుకోకు ఆర్డినరీ, ఇవ్వాళ స్పీడ్ కావాలి. నువ్వు అలా నిలబడి మంచినీళ్ళందించు" అన్నాడు నాన్‌స్టాప్. నేను అందించలేదు. భాయ్ కుర్చీ పక్కనున్న స్టూలు మీద కూర్చుని, ఆ బామ్మర్ది ఎన్నిసార్లు చస్తాడో చూస్తూ గడిపాను. ఆ తర్వాత ప్రతి ఆదివారం అదే తంతు. నా సీటు అతనిది, స్టూలు నాది.

సరిగ్గా అప్పుడే ఒక కంప్యూటర్ పత్రికలో కొత్త ఆట గురించి చదివాను. చదువుతున్నకొద్దీ దాన్ని తయారు చేస్తున్నవాళ్ళకి నా బాధ ఎవరో పూసగుచ్చినట్టు చెప్పారేమో అనిపించింది. అందులో చస్తే చచ్చినట్టే. మిగతావాళ్ళ ఆట అయ్యేదాకా నోరు మూసుకుని చూస్తూ కూర్చోవాల్సిందే. పరిగెడితే అడుగుల చప్పుడు గోడ అవతలివాడికి వినిపిస్తుంది. మొదలుపెట్టేముందు భవనం పటం చూసుకుని, ఎవరు ఏ తలుపు దగ్గరికి వెళ్ళాలో మాట్లాడుకోవాలి. అన్నిటికంటే అమృతం లాంటి మాట ఏంటంటే, సొంత జట్టువాడి గుండు తగిలినా ప్రాణం పోతుంది. ఆ వాక్యాన్ని నేను భాయ్‌కి గట్టిగా చదివి వినిపించాను, నాన్‌స్టాప్‌కి కూడా వినపడేలా.

భాయ్‌కి మాత్రం నచ్చలేదు. "గంటకి డబ్బులు కట్టి చచ్చి కూర్చుంటారా తమ్ముడూ ఎవరైనా?" అన్నాడు.

"అందుకే చావకుండా ఆడతారు భాయ్. ఆలోచించి ఆడతారు."

"మనోళ్ళు ఆలోచిస్తారా?" అని ఆయన గది మొత్తం ఒకసారి కలయజూశాడు.

నాన్‌స్టాప్ కుర్చీ తిప్పి, "రానియ్యిరా నీ ఆట! వచ్చిన మొదటి ఆదివారం నిన్నే కూర్చోబెడతా. మన ఐదుగురిలో అందరికన్నా ముందు నువ్వే పోయావనుకో, ఇంక జన్మలో సీటు మాట ఎత్తకూడదు" అన్నాడు. "పోకపోతే?" అన్నాను. "పోకపోతే సీటు నీది. భాయ్ సాక్షి." భాయ్ తల ఊపాడు. (ఆయన ఎవరేమన్నా తల ఊపేవాడు, అయినా అది నాకు చాలు.)

ఇక చూడండి నా ఎదురుచూపు. ఆట వాయిదా పడ్డప్పుడల్లా "మీ బస్సు ఉయ్యూరులో బ్రేక్‌డౌన్ అయిందంటగా" అని ఏడిపించేవాళ్ళు. నేను పట్టించుకోకుండా సాధన మొదలుపెట్టాను. కంప్యూటర్ లేకుండా ఏం సాధన అంటారేమో. సెలవులకి పామర్రు వెళ్ళినప్పుడు మా ఇంటి హాల్లోంచి వంటింట్లోకి మోకాళ్ళు సగం వంచి, గోడకి వీపు ఆనించి, చప్పుడు లేకుండా నడిచేవాణ్ణి. తలుపు బెత్తెడు తెరిచి లోపల ఎవరున్నారో చూసి అప్పుడు దూరేవాణ్ణి. లోపల ఎప్పుడూ మా అమ్మే ఉండేది. "ఏంట్రా ఆ నడక? మోకాళ్ళు పట్టేసినియ్యా?" అని కంగారు పడి, నన్ను పీట మీద కూర్చోబెట్టి నువ్వులనూనె కాచి మర్దన చేసింది. ఇది ఆట కోసమని చెప్పినా నమ్మలేదు. "ఆటలాడితే నొప్పులు రావా మరి" అంది.

చివరికి సీడీ వచ్చింది. భాయ్ రెండు రోజులు షట్టర్ సగం దించి ప్రతి కంప్యూటర్లోనూ ఎక్కించాడు. ఆదివారం మధ్యాహ్నం పటమట ఐదుగురూ ఎదురు గోడకి, మేం ఐదుగురం ఈ గోడకి. బామ్మర్ది స్టూలు మీద. (మంచినీళ్ళు అడగాలనిపించింది. అడిగాను కూడా.) నా పక్క కుర్చీ మేనేజరు గారిది. ఆయన నిజానికి బ్యాంకులో గుమస్తా. నలభై దాటాయి, జట్టులో అందరికంటే పెద్దాయన, అందుకని గౌరవంగా మేమే మేనేజర్ని చేశాం. కళ్ళజోడు తుడుచుకుని, చొక్కా చేతులు మడుచుకుని, ఆఫీసులో ఫైలు ముందు కూర్చున్నట్టే కంప్యూటర్ ముందు కూర్చునేవారు. మా మధ్య ఒక్కనాడూ "మీరు" తప్ప "నువ్వు" రాలేదు.

పటం చూసుకున్నాం. పాత గోడౌన్ ఒకటి, లోపల బందీలు, రెండు ద్వారాలు. నేనూ మేనేజరు గారూ వెనక మెట్ల వైపు. "ప్లానేంటి, పదండి!" అంటూ నాన్‌స్టాప్ ముందు ద్వారంలోంచి దూసుకుపోయాడు. వెంటనే చస్తాడని చెవులు రిక్కించి కూర్చున్నాను. చావలేదు. పైగా ఇద్దర్ని పడగొట్టాడు! ఆలోచించి ఆడాలన్న ఆటలో కూడా వీడే బతికితే ఇన్నాళ్ళ ఎదురుచూపూ దేనికి? ఆ దిగులులో ఉండగానే నా చెవి ఫోన్లలో ఎవరివో అడుగులు వినిపించాయి. తల తిప్పి చూస్తే పటమటవాడు ఒకడు మేనేజరు గారి వెనక మెట్లు దిగుతున్నాడు. వెంటనే హెచ్చరించాను.

"మేనేజరు గారూ, ఏమీ అనుకోకండి, మీ వెనకాల మెట్ల మీద ఎవరో ఒకాయన వస్తున్నట్టున్నారండీ, కాస్త..."

పిలిచినవాడి మొహం చూడకుండా జవాబివ్వడం ఆయనకి అలవాటు లేదు. చెవి ఫోన్ ఒకటి తీసి, కంప్యూటర్ వదిలి నా వైపు తిరిగి, "ఏంటండీ?" అన్నారు. ఈలోగా ఆయన తెర మీద ఆయన పోయారు.

ఎదురు గోడవైపు నవ్వులు. నాకు మాత్రం గుండెల మీంచి బస్తా దించినట్టయింది. ముందు పోయింది నేను కాదు! మేనేజరు గారు తన శవాన్ని కాసేపు చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఆ 'ఏమీ అనుకోకండి' లేకుండా చెప్పుంటే నేనేమీ అనుకునేవాణ్ణి కాదండీ" అన్నారు. ఆ రౌండు ఓడిపోయాం. నాన్‌స్టాప్ లేచి నిలబడ్డాడు. "ఇది లెక్కలోకి రాదు. పోయింది ఆయన, పోగొట్టింది వీడు. సీటివ్వను."

"అట్టా ఎట్టా కుదురుద్ది? ముందు నేను పోలేదుగా!" అని నేనూ లేచాను.

"కూర్చోండి ఇద్దరూ" అన్నాడు భాయ్. "ఆట మొత్తం అయ్యాక తేలుద్దాం. ఇంకో మాట. గేమ్‌లో గారులూ అండీలూ వద్దు. బయటికొచ్చాక ఒకటికి రెండుసార్లు పెట్టి పిలుచుకోండి."

తర్వాతి రౌండు గెలిచాం. ఎలాగో నాకు సరిగా గుర్తులేదు. గుర్తున్నదల్లా ఆ సాయంత్రమంతా నా వీపు క్షేమంగా ఉందన్న సంగతే. నాన్‌స్టాప్ రెండుసార్లు అలవాటు కొద్దీ తుపాకీ నా వైపు తిప్పి, గుర్తొచ్చి పక్కకి తిప్పుకున్నాడు. అది చాలా ప్రశాంతమైన అనుభవం.

ఇక ఆఖరి రౌండు. అది గెలిచినవాళ్ళదే పోటీ. నాన్‌స్టాప్ ఈసారి ద్వారంలోనే పోయాడు. (సంతోషించడానికి తీరిక లేకపోయింది.) మిగిలినవాళ్ళూ పోయారు. మా వైపు నేనూ మేనేజరు గారూ, అటు ఒక్కడు. మళ్ళీ అవే మెట్లు, అవే అడుగులు, అదే వీపు. నోటిదాకా "మేనేజరు..." వచ్చింది. ఆ "గారూ" వెనకాలే వస్తుందని నాకు తెలుసు. దాన్ని ఆపడానికి వేరే దారి తోచలేదు.

"ఒరేయ్, వెనక్కి తిరగరా!"

ఆయన తిరిగారు. కాల్చారు. గెలిచాం. కానీ ఎవరూ కేక వెయ్యలేదు. భాయ్ చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది. నలభై దాటిన మనిషిని, బ్యాంకు ఉద్యోగిని, నేను పది మంది ముందు ఒరేయ్ అన్నాను. నాన్‌స్టాప్ మొహంలో వెలుగు వచ్చింది. "చూశారా మేనేజరు గారూ వీడి మర్యాద? మీరే చెప్పండి, ఇట్టాంటోణ్ణి జట్టులో ఉంచుకోవాలంటారా?"

నా సీటు పోయిందనే అనుకున్నాను. ఎన్ని నెలల ఎదురుచూపు, ఎంత నువ్వులనూనె! మేనేజరు గారు చెవి ఫోన్లు తీసి నెమ్మదిగా బల్ల మీద పెట్టి, తనలో తాను చిన్నగా నవ్వారు.

"నన్ను ఒరేయ్ అని పిలిచేవాళ్ళు లేక చాలా రోజులైందండీ. మా నాన్నగారు పోవడంతో అదీ పోయింది. ఆఫీసులో గారు, వీధిలో గారు, ఇంట్లో కూడా ఏవండీనే." నాన్‌స్టాప్ వైపు తిరిగి, "వచ్చే ఆదివారం ఈయన్ని నా పక్కనే కూర్చోబెట్టండి. లేకపోతే నన్ను పిలవకండి" అన్నారు. భాయ్ తల ఊపాడు. ఈసారి మనస్ఫూర్తిగానే అనుకుంటాను.

ఆ సాయంత్రం పామర్రు బస్సెక్కాను. సీటు దొరికింది, అదీ కిటికీ పక్కన. కంకిపాడు దాటేసరికి పొలాల మీంచి చల్లగాలి కొడుతోంది. నాన్‌స్టాప్ మీద ఫిర్యాదు ఏదైనా మిగిలి ఉందేమోనని ఎంత వెతికినా నాకే ఏమీ దొరకలేదు. ఆ తేలిక నాకు అలవాటు లేనిది, ఏం చెయ్యాలో తెలియలేదు. చివరికి, ముందు సీటాయన కిటికీ అద్దం కాస్త ఎక్కువ మూశాడని ఆయనతో తగువేసుకుని, ఉయ్యూరు వచ్చేదాకా హాయిగా వాదించాను.