వేరు తవ్వని రూతక్క

నిన్న పొద్దున ఫోన్ వచ్చింది. ఇచ్చోడ దగ్గర బైక్ యాక్సిడెంట్. రూతక్క లేదట.

“గిసొంటి జోకులొద్దు” అని పెట్టేశాను.

మా ల్యాబ్‌లో జోకులేసేది నేనొక్కడినే. ఇది నేను వేసింది కాదు.

తెలియనివాళ్లకు: రూతక్క నా పీహెచ్‌డీ సీనియర్. జైనూర్ గుట్టల్లో పెరిగే ఒక అరుదైన మొక్కలోంచి కొత్త కాంపౌండ్‌ను విడదీసి, అదేమిటో తేల్చడం ఆమె పని. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులు ల్యాబ్. రెండు చోట్లా ఒకటే భక్తి.

మొదటి ఏడాదే ఏదో ప్యూర్‌గా దొరికింది. డిపార్ట్‌మెంట్ మొత్తానికి జిలేబీ పంచింది. ఆఖరి ముక్క నా నోట్లో ఉండగా రిపోర్ట్ వచ్చింది. దొరికింది మొక్కలోది కాదు. మేము ఆకులను మిథనాల్‌లో నానబెట్టిన ప్లాస్టిక్ డబ్బాలోది.

ఘనత వహించిన మా ల్యాబ్ డబ్బాను కనిపెట్టింది!

నేను నవ్వి నవ్వి కింద కూలబడ్డాను. అక్క మాత్రం, “నవ్వింది సాలు తియ్ రా. లేచి గాజు సీసాలు కడుగు” అన్నది.

వారం రోజులు కడిగించింది.

తర్వాత మా గైడ్ సార్ సులువైన దారి చెప్పారు. వేర్లలో ఎక్కువ ఉంటుంది, తవ్వుకురండి అని.

అక్క లేచి నిలబడింది.

“గుట్ట మీద ఉన్నయే ఇరవై మొక్కలు సార్. వేర్లు తవ్వితే మీకు పేపరొస్తది. గుట్టకేమొస్తది?”

నేను బుద్ధిగా బీకర్ తుడిచాను. అప్పటికే తుడిచిన బీకర్.

ఇక మొక్కకు రెండే ఆకులు. అదీ, “జర ఇయ్యి తల్లీ” అని అడిగాకే తెంపేది. అక్కడి గూడెంలోని ముసలామె నేర్పిన పద్ధతి.

నాలుగేళ్లకు వచ్చింది చిన్న సీసా అడుగున చిటికెడు తెల్లపొడి. స్ట్రక్చర్ సగం తేలింది. మిగతా సగం తేల్చే ఎన్‌ఎంఆర్ పరీక్ష ఒక్కటే మిగిలింది.

నిన్న సాయంత్రం ల్యాబ్ గ్రూప్‌లో సంతాపాల కిందే ఇంకో మెసేజ్. ఆ టాపిక్ కొత్త స్టూడెంట్‌కు ఇస్తారట. ఈసారి వేర్లేనట.

కాబట్టి సభాముఖంగా మనవి.

సోమవారం ఆ సీసాను ఎన్‌ఎంఆర్‌కు నేనే తీసుకెళ్తాను. పేపర్ మీద మొదటి పేరు రూతక్కదే. అభ్యంతరం ఉన్నవాళ్లు నా పేరు కొట్టేసుకోవచ్చు.

ఇక ఆ మొక్కలుండే చోటు. మా ల్యాబ్‌లో తెలిసింది ఇద్దరికే. ఒకరు వెళ్లిపోయారు. రెండోవాడు జైనూర్ మొత్తం తిప్పుతాడు, చాయ్ తాగిస్తాడు. ఆ గుట్ట మాత్రం ఎక్కించడు.

సార్ ఇది చదువుతారని తెలుసు. నమస్తే సార్.

పోయిరా అక్కా. ఇక్కడి కొట్లాట నాకొదిలెయ్. నీ ప్రభువు దగ్గర నిమ్మళంగా ఉండు.