కాలికి కడియంతో వచ్చిన పరజ

పోయిన చలికాలంలో ఒక ఉదయం, విల్లియనూరు వైపు చెరువుల్లో పిట్టలు పట్టే మనిషి మా గుమ్మంలోకి ఒక పరజను తెచ్చాడు. చలికాలంలో వలస వచ్చే చిన్న బాతు అది. రెక్కలు కట్టేసి ఉన్నా ప్రాణంతోనే ఉంది. మామగారు బేరమాడకుండా కొని, మిరియాలు నూరమన్నారు.

అత్తగారు దాన్ని తిప్పి చూసి చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నారు. కాలికి సన్నటి లోహపు కడియం ఉంది.

"ఎవురో సామికి మొక్కి ఇడిచినారయ్యా! ఆంబోతుకి అచ్చేసినట్టు దీనికి కడియమేసినారు. నేను వండను."

"సామికి కావాల్నంటే ఆయనే పెట్టుకోని ఉంటాడు. మనకాడికెందుకు పంపినాడు?" అన్నారు మామగారు.

నా భయం వేరు. మా పిల్లవాడి మొలతాడు బిగిసిందేమోనని గంటగంటకూ వేలు దూర్చి చూసే మనిషిని. ఆ కడియం కాలిని కోస్తోందేమోనని గోటితో కదిపాను. వదులుగానే తిరిగింది. దాంతోపాటు దాని మీది అక్షరాలూ తిరిగాయి. ఫ్రెంచి బడిలో చదువుకున్న మామగారు కళ్లజోడు పెట్టుకుని ఫ్రెంచిలో చదవబోయి ఓడిపోయారు. అవి ఇంగ్లీషువి. మద్రాసు కాలేజీలో చదివిన నాకు ఒక అంకె, దొరికినవాళ్లు ఫలానా చోటికి తెలియజేయమన్న మాట కనిపించాయి.

"మొక్కు కాదత్తా! ఈ పిట్టలు యాడికి పోతాయో తెలుసుకోవాలని చదువుకున్నవాళ్లు పట్టి, కడియమేసి మళ్లీ వదులుతారు."

మామగారు నాకంటే సంతోషించారు. "ఇన్నావా? సామిది కాదంట. కుండ పెట్టు!"

నా నోరే దాని ప్రాణం మీదికి తెచ్చింది. చంకలో పిల్లవాడు రెండు చేతులూ చాపి దానికోసం ఎగురుతున్నాడు. "ఇది మన ఊరికొచ్చిందని వాళ్లకు రాయాల మామా" అన్నాను, ఇంకేమీ తోచక.

"రాయి. ఎవురొద్దన్నారు?"

"ఏమని రాస్తాది?" అన్నారు అత్తగారు మామగారి వైపు తిరిగి. "అంత దూరం నించి మనింటికొస్తే, మిరియాలేసుకోని తినేసినామనా? కింద నీ పేరు గూడా రాయాల గదా!"

గడప తొక్కినవాళ్లు తినకుండా పోని ఇల్లని మా ఇంటికి పేరు. అది మామగారి గర్వం.

"ముందు దానికి నూకలెయ్యండి" అన్నారు చివరికి. "నూకలేసినామని గూడా రాయి."

పరజ నూకలు ముట్టలేదు. దాన్ని వదిలేద్దామని అందరం మిద్దె ఎక్కాం. పిట్టగోడ దగ్గరికి పోతాడేమోనని పిల్లవాణ్ణి గట్టిగా పట్టుకుని నేను వెనకే నిలబడ్డాను. మామగారు కట్లు విప్పి చేతులు పైకెత్తగానే అది నిటారుగా లేచి, ఆయన ఉతికిన చొక్కా మీద రెట్ట వేసి, సముద్రం వైపు తిరిగింది. పిల్లవాడు కేరింతలు కొట్టాడు.

"ఇది గూడా రాయమందువా?" అన్నారు అత్తగారు పడిపడి నవ్వుతూ.

అంకె, చిరునామా కడియంతోపాటే ఎగిరిపోయాయి గనుక వాళ్లకు రాయలేదు. ఇక్కడ రాసుకుంటున్నాను, పిల్లవాడు నిద్రలో కదిలినప్పుడల్లా కలం ఆపి చూస్తూ.