చిన్నమావను ఎవరూ అడగలేదు

చిన్నమావ పోయాడని విశాఖపట్నంలోని ఒక కేంద్రం నుంచి ఫోను వచ్చింది. మత్తు మాన్పిస్తామంటూ తలుపులకు తాళాలేసి మనుషుల్ని ఉంచే చోటు అది. గుండె ఆగిందట. చెప్పినవాడి గొంతులో జంకు కూడా లేదు.

సముద్రం అవతల దీవుల్లో, బతు బస్తీలో ఉండే మా అమ్మ తమ్ముడాయన. చేపల వేటే బతుకు. చిన్నప్పుడు నా కాల్లో ముల్లు దిగితే సూది పట్టుకుని, "తియ్యనా? ఆపమంటే ఆపేస్తాను" అన్నాడు. ఆపమన్నప్పుడల్లా ఆపాడు. కూర వడ్డించినా ముందు అడిగేవాడు. ఎదుటివాళ్లని అడిగి చెయ్యడం నాకు నేర్పింది ఆయనే.

నడుం దెబ్బ తిన్నాక మత్తు సూదులు అలవాటయ్యాయి. చాలా ఏళ్లు పాడయ్యాడు, మీ దగ్గర దాచను. చివరికి తనంతట తానే పెద్దాసుపత్రికి వెళ్లాడు. అక్కడి డాక్టరమ్మ తిట్టలేదు. నీకేం కావాలని అడిగింది. చేతులు వణక్కుండా వల లాగాలన్నాడు. రోజూ వెళ్లి, మత్తు మీదికి మనసు పోకుండా ఆపే మాత్ర నాలుక కింద పెట్టించుకుని వచ్చేవాడు. మళ్లీ డోంగీ ఎక్కి వేటకెళ్లాడు. అత్త నవ్వడం మళ్లీ చూశాం.

కులపెద్దలకు అది నచ్చలేదు. ఒక మత్తు మాని ఇంకో మత్తు మింగుతున్నాడని, బస్తీ పరువు పోతోందని, విశాఖపట్నం పంపి మాన్పించాలని తీర్మానం చేశారు. పిలవకపోయినా మావే వాళ్ల దగ్గరికి వెళ్లాడు.

"దవా తినేది నాను. నన్నడగండి భయ్యా," అన్నాడట.

"నషేడీని, మత్తుగాణ్ణి అడిగేదేటి?" అని వాళ్లలో పెద్దాయన టీ తాగుతూ నవ్వాడట.

వాళ్లు పంపిన నలుగురొచ్చి మావ చేతులు తాడుతో కట్టి విశాఖపట్నం ఓడెక్కించారు. అడ్డుపడిన అత్తను పక్కకు నెట్టారు. మాత్ర ఆపొద్దని ఆవిడ ఫోన్లో బతిమాలితే అక్కడివాళ్లు కసిరి పెట్టేశారు. ఆపేశారు కూడా. వాంతులతో పడి ఉన్నా, పొగరు దిగుతోందని చూస్తూ ఊరుకున్నారని తర్వాత తెలిసింది.

శవం వచ్చిన రోజు ఆ నలుగురే పాడె పట్టడానికి ముందు నిలబడ్డారు. పెద్దాయన పొడుగు చేతుల కొత్త చొక్కా తెచ్చి తొడిగించాడు. బంగారంలాంటి మనిషని కళ్లొత్తుకున్నాడు.

అత్త ఏడవలేదు. "సెయ్యి తియ్యండి. మీరు మొయ్యడం ఆయనొల్లడు," అంది.

వాళ్లు తప్పుకున్నారు. ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని ఆ కొత్త చొక్కా చేతుల్ని మోచేతుల దాకా నింపాదిగా మడిచింది. మణికట్ల చుట్టూ తాడు వాతలు నల్లగా ఉన్నాయి. మావతో వేటకెళ్లే జాలర్లు పాడె ఎత్తుకున్నారు. ఆ చేతులు అందరికీ కనబడేలా, పెద్దాయన గుమ్మం ముందునుంచే తీసుకెళ్లారు.