వడ్డాది అత్తగారి లెక్క

1956లో నేను చోడవరం సర్కారు ఆసుపత్రిలో నర్సుని. ఆడవాళ్ల చీటీ మీద "ఎల్.ఎం.పి." అని ఒక గడి ఉండేది. ఆఖరుసారి ముట్టు వచ్చిన తేదీ అన్నమాట. కొత్త కోడళ్లు సిగ్గుతో నోరు విప్పరు, అందుకని అత్తగార్లనే అడిగేదాన్ని. మూడు రోజులు వంటింట్లోకి రాకుండా వసారాలో కూర్చునే కోడలి లెక్క అత్తగారికి తెలిసినంతగా పంచాంగానికి కూడా తెలియదని నా నమ్మకం.

ఒకరోజు వడ్డాది నుంచి సన్యాసమ్మ అనే చెరుకు రైతు భార్య, కోడలు పైడితల్లిని తీసుకొచ్చింది.

"రెండేళ్లలో మూడు కడుపులు పోగొట్టుకుందమ్మా. రెండేసి మూడేసి నెలలు బయట సేరదు. నిలిసిందని సంబరపడతాం. ఆనక పోద్ది. ఏటి తింటాదో, ఏటి మోస్తాదో మరి! రోలుగుంటలో మావోడికి ఇంకో పెళ్లికి గుంటని సూస్తన్నాం. దీనికి పిల్లలు నిలవరని డాక్టరుగారు ఒక మాటంటే ఖాయం సేసుకుంటాం."

పైడితల్లి తల వంచుకు నిలబడింది. నేను చీటీ మీద "మూడు అబార్షన్లు" అని రాసేశాను. తొందర నా పుట్టుబుద్ధి.

డాక్టరుగారు చీటీ చూసి, "ఇది ఆ అమ్మాయి చెప్పిందా?" అన్నారు. సన్యాసమ్మని వరండాలో కూర్చోబెట్టి, పైడితల్లిని తెర వెనక్కి తీసుకెళ్లాను.

"పెళ్లికి ముందు నెలనెలా వచ్చేదా?"

"నేదమ్మా. పెద్దమనిషినైన కాడ్నుంచీ ఇంతే. మాయింటికాడ ఏడాదికి నాలుగైదుసార్లే బయట కూకునేదాన్ని."

"మరి మీ అత్తకి చెప్పలేదేం?"

"నన్నెవులడిగేరు? కడుపన్నాదీ ఆవిడే, పోయిందన్నాదీ ఆవిడే. పెద్దోళ్లకి తెలుస్తాది గావాలనుకున్నాను. ముగ్గురు పిల్లలకీ ఏడిసేనమ్మా."

నాకు తల కొట్టేసినట్టయింది. లేని బిడ్డల కోసం ఈ పిల్ల మూడుసార్లు ఏడిస్తే, నేను వాళ్లని సర్కారు కాగితం మీదకి కూడా ఎక్కించాను.

డాక్టరుగారు నేను చెప్పింది విని, పరీక్ష చేసి, చీటీ మీద నేను రాసింది కొట్టేసి, "ఒలిగోమెనోరియా" అని రాశారు. ముట్టు ఎడమెడంగా రావడం. సన్యాసమ్మతో, "గర్భం పోయిందనడానికి ఏ ఆధారమూ లేదు. ఆలస్యం కావచ్చుగాని, ఈమెకి పిల్లలు పుట్టరని చెప్పలేం. రోలుగుంట పెళ్లికి నా మాట వాడుకోవద్దు" అన్నారు.

సన్యాసమ్మ కోడలి వైపు తిరిగింది. "ఒసే, ముందే సెప్పొచ్చు గదే?"

"అడిగితే సెప్దును గదా, అత్తా."

ఆ తరవాత ఎల్.ఎం.పి. గడి నేను ఇంకొకరి నోట విని నింపలేదు. ఎంత పెద్దావిడ వెంట వచ్చినా సరే, ముందు వరండాయే.

రెండు నెలలకి వాళ్లిద్దరూ మళ్లీ వచ్చారు. "రోలుగుంటోళ్లకి వద్దని కబురెట్టేసేమమ్మా" అంది సన్యాసమ్మ. నేను చీటీ తీసి, పాత అలవాటు కొద్దీ ఆవిడ వైపే చూశాను. ఆవిడ లేచి వరండాలోకి నడిచింది.

"దాన్నే అడుగమ్మా" అంది.