బోర్డెక్కిన మామగారు

డిజైనర్లు సృజన మీద బతుకుతారని సభల్లో చెప్పే పెద్దలు ఒక పూట వచ్చి ఈ ఆఫీసులో కూర్చోవాలి. చెప్పుల దుకాణం పైన రెండు గదులు. ముందు గదిలో యజమాని, వెనక గదిలో డిజైనరు, మధ్యలో ఎప్పుడూ సగమే తెరుచుకునే తలుపు. దాని వెనక పాత ఫ్లెక్సీల చుట్టలు నిలబెట్టి ఉంటాయి కనక మిగతా సగం తెరుచుకోదు. యజమానిని ఊళ్ళో అందరూ అర్జెంటుగారు అంటారు. ఆ మాట తగిలించకుండా ఆయన ఏ పనినీ వెనక గదిలోకి పంపింది లేదు. ట్యూషన్ల కరపత్రం అర్జెంటు, పిండిమర ప్రారంభోత్సవం అర్జెంటు, వచ్చే ఏడాది క్యాలెండరు కూడా అర్జెంటే. అన్నీ అర్జెంటే కాబట్టి డిజైనరు దేనికీ తొందరపడడు. వచ్చిన వరసలో చేసుకుపోతాడు.

నలభై దాటిన మనిషి. కుర్చీకి వీపు తగిలే చోట మడతపెట్టిన తువ్వాలు ఉంటుంది, కళ్ళజోడు ఎప్పుడూ ముక్కు మీద కాక నుదుటి మీద ఉంటుంది. అతని పనిలో బొమ్మ గీయడమన్నది దాదాపు లేదు. ఫోనులో వచ్చిన మసక ఫోటోని తేటపరచడం, ఒకరి భుజం మీద మిగిలిపోయిన ఇంకొకరి చెయ్యి తీసెయ్యడం, దుకాణదారుకి లేని జుట్టు కొంచెం మొలిపించి, ఆయన మొహమాటపడుతూ మళ్ళీ అడిగితే ఇంకొంచెం మొలిపించడం, ఇదీ సృజన.

అన్నిటికంటే పెద్ద తలనొప్పి మొహాలు. ప్రతి ప్రకటనకీ ఒక మొహం కావాలి. ముందు నమూనా చూపించండి, ఫోటో తర్వాత ఇస్తాం అంటారు అందరూ. ఇంటర్నెట్‌లో అమ్మకానికి పెట్టిన ఫోటోల మీద, కొనేదాకా, అడ్డంగా గీతలుంటాయి. ఆ గీతలు ప్రింటులోనూ వస్తాయా అని పిండిమర ఆసామి ఇంట్లోవాళ్ళందరి చేతా ఫోన్లు చేయించాడు. పైగా అక్కడ అమ్మే ముసలివాళ్ళకి ఏ జబ్బూ ఉండదు. నోటి నిండా పళ్ళుంటాయి. గిన్నెడు పచ్చి ఆకులు ముందు పెట్టుకుని, వాటిని చూసి పగలబడి నవ్వుతుంటారు. మోకాళ్ళ నొప్పుల ప్రకటనకి అలాంటివాణ్ణి పెడితే ఎవరు నమ్ముతారు?

అందుకని మన డిజైనరు నమూనాల్లో సొంత చుట్టాల్ని వాడుకుంటాడు. ఇంటి రుణం దొరికి మురిసిపోతున్న కుటుంబం అతని బావమరిదిది. ఇంగ్లీషు నేర్చుకుని ధైర్యంగా మాట్లాడుతున్న అమ్మాయి మేనకోడలు. ఇక ముసలితనంతో ఏ చిక్కు వచ్చినా అక్కడ మామగారు ప్రత్యక్షం. తన పెళ్ళి గ్రూపు ఫోటోలోంచి ఆయన్ని ఒడుపుగా కత్తిరించి దాచుకున్నాడు. ఆ ఫోటోలో నవ్వనిది ఆయనొక్కడే.

మామగారిది దుకాణాల్లో కాటాలు తనిఖీ చేసే ఉద్యోగం. రిటైరయ్యాక కూడా మనుషుల్ని అదే చూపుతో చూస్తారు, ఎక్కడో కొంచెం తక్కువ తూగుతున్నారన్నట్టు. పెళ్ళయిన కొత్తలో అల్లుడు తన పని గురించి ఉత్సాహంగా చెప్పబోతే, అంతా అయ్యేదాకా ఊరుకుని "అది తర్వాత చూద్దాం" అన్నారు. ఏడాది తిరిగాక ఇంకోసారి ప్రయత్నిస్తే మళ్ళీ అదే మాట. బొమ్మలు అతికించే పనంటే ఆయనకి లెక్కలేదని అల్లుడికి అర్థమైపోయింది. అర్థమైందనే అనుకున్నాడు. ఎదురు మాట్లాడే రకం కాదు. ఆఫీసుకి వచ్చి మామగారికి కట్టుడు పళ్ళు పెట్టించేవాడు, షుగరు తెప్పించేవాడు, మోకాళ్ళు పట్టేయించేవాడు. నమూనాలే కదా, కస్టమరు తప్ప ఎవరూ చూడనివి. అసలు ఫోటో రాగానే మామగారు మాయమైపోయేవారు. ఇంత శాంతియుతమైన కక్ష ఇంకెక్కడా చూడం.

ఇలా సాగుతుండగా చెవి మిషన్ల దుకాణం పెడుతున్న ఆవిడ వచ్చింది. పార్కు గేటుకి ఎదురుగా పెద్ద బోర్డు కావాలంది. పైన "ఇంట్లోవాళ్ళ మాట వినపడటం లేదా?" అని రాయాలి, కింద ఒక పెద్దాయన ఉండాలి. నమూనాలో మామగారు యథావిధిగా నిలబడ్డారు. తర్వాత డిజైనరు కొనుక్కొచ్చిన ఫోటోతో అసలుది తయారుచేసి చూపించాడు. ఆవిడ రెండూ పక్కపక్కన పెట్టించి చాలాసేపు చూసింది.

"ఈ నవ్వేవాడికి అన్నీ వినపడుతున్నట్టే ఉందండీ. మొదటాయన్నే ఉంచండి. ఆ మొహం చూస్తేనే తెలుస్తోంది, ఎవరి మాటా చెవికెక్కడం లేదని."

ఆయన మోడల్ కాదని చెప్పాడు. మరెవరని ఆవిడ అడిగింది. పిల్లనిచ్చిన మామగారని చెబితే పోయేది. చెప్పలేకపోయాడు. రేపటికి అలాంటి ఇంకొకర్ని వెతికి చూపిస్తానన్నాడు. ఆవిడ సరేనని ముందు గదిలోకి వెళ్ళి, మొదటిదే తనకి నచ్చిందని అర్జెంటుగారితో అంది. కస్టమరు నోటంట నచ్చిందన్న మాట రావడమే అరుదు. ఆ మాట వచ్చాక ఇంకా ఆలోచించేవాణ్ణి అర్జెంటుగారు మనిషిగా లెక్కవెయ్యరు. డిజైనరు కింద టీ తాగి వచ్చేలోపు నమూనా ఫైలు ప్రింటింగుకి వెళ్ళిపోయింది. వెళ్ళిన సంగతి వెనక గదికి చెప్పడం మటుకు అర్జెంటుగా తోచలేదు.

మర్నాడు ఆఫీసుకి భార్య ఫోను చేసింది. ఆమె బస్సులో ఉద్యోగానికి వెళుతోంది.

"మా నాన్న రోడ్డు మీద ఉన్నారు."

డిజైనరు లేచి నిలబడ్డాడు. దెబ్బలేమైనా తగిలాయా, పక్కన ఎవరున్నారు అని అడిగాడు.

"దెబ్బలేం లేవు, బానే ఉన్నారు. రెండంతస్తుల ఎత్తున్నారు."

అతను మళ్ళీ కూర్చున్నాడు. తర్వాత ఆమె చెప్పినదంతా ఇక్కడ రాయడం భావ్యం కాదు. సారాంశం ఏమిటంటే, సాయంత్రం నేరుగా మా పుట్టింటికెళ్ళి మీరే మీ నోటితో చెప్పండి, నేనూ వస్తాను, మీ తరఫున మాట్లాడ్డానికి మాత్రం కాదు.

ఆమె కోపానికి కారణముంది. ఆ పార్కులో పొద్దున్నే నడిచే పెద్దమనుషులకి మామగారే పెద్ద దిక్కు. బండి ఎవరు అడ్డంగా పెట్టారు, ఏ బెంచీ ఎవరిది, ఎవరు ఎవర్ని ఏమన్నారు, అన్నీ ఆయన ముందుకే వస్తాయి. చేతులు వెనక్కి కట్టుకుని ఇద్దరి వాదనా విని ఆయన ఒక మాట చెబితే అదే ఆఖరు. ఉద్యోగం అయిపోయాక ఆయనకి మిగిలిన కాటా అదొక్కటే. ఇప్పుడు ఆ గేటుకి ఎదురుగా, వచ్చేపోయే ప్రతివాడికీ కనపడేలా, ఆయనకి మాట వినపడదని అల్లుడే రాయించి పెట్టాడు. వినపడని మనిషి ముందుకి తగువు ఎవరు తీసుకొస్తారు?

అర్జెంటుగారికి చెబితే, అచ్చయిపోయింది కదా అన్నారు. బతిమాలితే, పొద్దున్నే మనుషుల్ని పంపి దింపిస్తానన్నారు. ఆయన జీవితంలో ఒక పనిని రేపటికి వాయిదా వేసింది ఆ ఒక్కసారే.

సాయంత్రం మామగారి ముందు గదిలో నలుగురూ కూర్చున్నారు. మామగారు పడక్కుర్చీలో, అత్తగారు గుమ్మం పక్కన పీట మీద, భార్య తల్లిని ఆనుకుని. అల్లుడు ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చుని, గచ్చు మీద చూపు నిలిపి, దారంతా కూడబలుక్కున్నది మొత్తం చెప్పాడు. పెళ్ళి ఫోటో సంగతి, నమూనాల సంగతి, ఆవిడ ఎంపిక, అర్జెంటుగారి తొందర. తప్పంతా తనదేననీ, రేపు పొద్దున్నే దింపించేస్తాననీ, క్షమించమనీ. ఇంత పొడుగున అతను ఆ ఇంట్లో ఎప్పుడూ మాట్లాడలేదు. చెప్పడం అయిపోయాక చెమట తుడుచుకున్నాడు.

మామగారు పడక్కుర్చీలో వెనక్కి వాలారు.

"అది తర్వాత చూద్దాం" అన్నారు.

భార్య తల తిప్పుకుంది. అత్తగారు మటుకు విసుక్కున్నారు, ఆయన మీద కాదు, అల్లుడి మీద.

"గచ్చుతో చెప్పుకుంటే ఆయనకేం తెలుస్తుంది బాబూ? ఆయన మొహంలోకి చూసి, గట్టిగా, నెమ్మదిగా చెప్పు. ఎన్నేళ్ళుగా వస్తున్నావు ఈ ఇంటికి!"

మామగారికి ఈ మాటలూ అందలేదు కాబోలు, అందరి మొహాలూ వరసగా చూస్తున్నారు. అల్లుడికి మాత్రం బాగా అందాయి. కూతురికీ ఇప్పుడే తెలిసినట్టుంది. చిన్నప్పటినుంచీ నాన్న మాట్లాడతారు, మనం వింటాం, ఇంట్లో పద్ధతి అంతే అనుకుంది ఆమె. పద్ధతి ఎప్పుడు అవసరంగా మారిందో గమనించలేదు. పార్కులో వాదనలు వినే సంగతి కూడా అత్తగారే బయటపెట్టారు. పెదాల కదలిక పట్టుకుని సగం, ఎవరెలాంటివాళ్ళో తెలుసు కనక మిగతా సగం. తీర్పులు తప్పు పోలేదట.

అల్లుడు కుర్చీ ముందుకి జరుపుకుని, గొంతు పెంచి, ఆ బోర్డు రేపు తీయించేస్తానని చెప్పాడు.

"తీయిస్తావా? ఎవడు తీయమన్నాడు?"

మీ పరువు, అని అల్లుడు ఇంకా గట్టిగా అన్నాడు.

"పరువుకేమైందయ్యా? పొద్దున బోర్డు చూసి అందరూ నా చుట్టూ మూగారు. వీడికి నిజంగానే చెవుడేమో, బాధపడతాడేమో అని ఒక్కొక్కడూ పక్కకొచ్చి కూర్చుని, చెవి దగ్గర నోరుపెట్టి, తన సంగతి మాట మాటా విడివిడిగా చెప్పాడు. ఎంత కాలమైందో తెలుసా అలా విని? ఆ మూలబెంచీ ఆయన గొంతు అంత సన్నగా ఉంటుందని నాకివాళే తెలిసింది. నేనేమైనా చెప్పానా నాకు వినపడదని? నేను చెప్పలేదు. బోర్డు చెప్పింది."

అయితే ఆ మిషనేదో పెట్టించుకోవచ్చుగా అని కూతురు గట్టిగా అంది. దుకాణం ఆవిడ ఊరికే ఇస్తానన్నదని అల్లుడు అందుకున్నాడు, ఆవిడ అనకపోయినా.

"చూద్దాం" అన్నారు మామగారు. ఈసారి విన్నాకే అన్నారు.

ఇలాంటి చోట అల్లుడూ మామా కళ్ళు తుడుచుకుంటే చదివేవాళ్ళకి బాగుంటుంది. ఏం చేస్తాం, అలా జరగలేదు. బోర్డు ఉంటుందని తేలగానే మామగారు అసలు విషయానికి వచ్చారు. అక్షరాలు ఒంకరగా ఉన్నాయన్నారు. తన చొక్కా రంగు మార్చినవాడికి బుద్ధి లేదన్నారు. ఆ పసుపు వెనకరంగు కంటికి చేదన్నారు. అల్లుడి పని మీద ఆయనకి నిజంగానే పెద్ద గౌరవం లేదని తెలిసింది. చెవుడు తీసేసినా ఆ భాగం మిగిలింది. కాకపోతే ఇన్నాళ్ళూ లేనిది ఒకటి చేశారు. పడక్కుర్చీ ముందుకి వంగి, చెవికి అరచెయ్యి ఆనించుకుని, అడిగారు.

"ఇంతకీ పొద్దుణ్ణించీ సాయంత్రం దాకా ఆ కుర్చీలో కూర్చుని ఏం చేస్తావయ్యా నువ్వు?"

అల్లుడు మొదటి మాట మామూలు గొంతుతో మొదలుపెట్టి, సర్దుకుని, మొదటినుంచి మళ్ళీ గట్టిగా ఎత్తుకున్నాడు. మసక ఫోటోలు, చేతులు తీసెయ్యడాలు, జుట్టు మొలిపించడాలు. జుట్టు దగ్గర మామగారు ఆపి, ఎవరికి, అని పేర్లడిగారు. వీధిలో పోయేవాళ్ళకి కూడా వినపడేలా అల్లుడు ఆ పేర్లు చెప్పబోతుంటే, అత్తగారు లేచి కిటికీ తలుపులు వేశారు.