తంగేడుతో సరిచూసుకున్నాను, సీతజడ దగ్గర దొరికిపోయాను

పూల దగ్గర కూర్చుంటే స్వరూపకు ఆయాసం వస్తుంది. జనగామ దగ్గరి పల్లెలో పుట్టి, బతుకమ్మ పేర్చడంలో వాళ్ల వాడకట్టులోనే పేరు తెచ్చుకున్న అమ్మాయి, యూనివర్సిటీ హాస్టల్లో చేరాక మూడేళ్లుగా సద్దుల బతుకమ్మ నాడు వరండాలో మాస్కు పెట్టుకుని దూరం నుంచే చూస్తూ వచ్చింది. పరిశోధన పూర్తయింది. మరో నెలలో హాస్టల్ ఖాళీ చేయాల్సి వచ్చింది. ఒకప్పటి రూమ్మేట్‌ని కదా, ఆ మాట చెప్పిన రోజే "ఈసారి నువ్వు బతుకమ్మ ఎత్తుతావు, పూచీ నాది" అని నోరు జారాను. మాది అనంతపురం వైపు కుటుంబం, మా ఇంట్లో ఈ పండగ లేదు. నాకు తెలిసిన బతుకమ్మ పూలు రెండే. తెలిసిన ప్రోగ్రామింగ్ భాష జావాస్క్రిప్ట్ ఒక్కటే. కానీ మాటిచ్చాక వెనక్కి తగ్గడం నాకు చేతకాదు.

పూలకు బదులు నేను నమ్ముకున్నది నూట యాభై చిట్టి బల్బులున్న ఎల్‌ఈడీ పట్టీ. ఇది పెళ్లిళ్లలో వేలాడదీసే సీరియల్ లైట్ల లాంటిది కాదు. ఇందులో ప్రతి బల్బుకూ ఒక నంబరుంటుంది, ఏ నంబరు ఏ రంగులో వెలగాలో మనమే రాసి పంపవచ్చు. జావాస్క్రిప్ట్‌ను నేరుగా నడిపే అగ్గిపెట్టెంత బోర్డు, ఒక పవర్ బ్యాంకు తోడుంటే చాలు. రామంతాపూర్‌లో మా ఇంట్లో రెండు వారాలు కుస్తీ పట్టాను. తంగేడు పసుపు, గునుగు తెలుపు ముచ్చటగా వచ్చాయి. ఇక ఢోకా లేదనుకున్నాను.

పండగ రోజు ఉదయం తొమ్మిదింటికి షేర్ ఆటోలో అంబర్‌పేట్ బయల్దేరాను. ఇరవై రూపాయలు, పావుగంట. అక్కడి మార్కెట్ సందులో వెదురు బుట్టలు అల్లే ఒక పెద్దావిడకు ఏడు వరసల చట్రం ముందే చెప్పి ఉంచాను. ఆమె దాన్ని తిప్పి తిప్పి చూసింది. "గిదేంది బిడ్డా, గింత సందు సందుగ ఉంటే పూలు ఆగుతయా?"

"పూలు కాదమ్మా, లైట్లు పెడతా."

"లైట్లా! ఏమన్న పెట్టు గని, ఎత్తేటప్పుడు అడుగు ఒంగొద్దు" అంటూ అడుగున ఇంకో బద్ద చుట్టి ఇచ్చింది. అడగకుండానే చేసిన ఆ పని సాయంత్రం నన్ను కాపాడింది.

హాస్టల్‌కు ఖాళీ చేతులతో వెళ్లేవాళ్లకు తార్నాక మెట్రోలో దిగి, అక్కడినుంచి ఆటో ఎక్కడం సులువు. చట్రంతో అది కుదరదు కాబట్టి విద్యానగర్ మీదుగా క్యాంపస్ లోపలి దారిలో వెళ్లాను. ఆటో అతను రెండు వందలు అడిగాడు. మీటర్ వేయవా అన్నా అంటే, "మేడమ్, గా గంప చూసినంక ఎవ్వడన్న ఆపుతడా? నేను గాబట్టి ఆపిన" అన్నాడు. నూట అరవైకి ఒప్పుకుని, స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా "పట్టుకోర్రి" అని కేకేస్తూ జాగ్రత్తగానే తీసుకెళ్లాడు. పదకొండున్నరకు హాస్టల్ చేరాను.

మెస్‌లో వంట చేసే యాదమ్మక్క నైవేద్యానికి నువ్వుల సద్ది కలుపుతూనే ఏ వరసలో ఏ పువ్వు రావాలో చెప్పింది. అడుగున గుమ్మడాకు, పైన తంగేడు, గునుగు, సీతజడ, నీలి కట్ల, ఆపైన మళ్లీ తంగేడు, గునుగు. పట్టీ చుట్టి, ప్రోగ్రాం రాసి, మూడింటికి వెలిగించాను. సీతజడ ఎర్రగా రావాలి. ఆకుపచ్చగా వెలిగింది. తీగలు మార్చాను, పట్టీ పాడైందని తిట్టుకున్నాను. గంటన్నర గడిచింది. ఆరింటికి ఆట మొదలు.

యాదమ్మక్క చేతులు తుడుచుకుంటూ వచ్చి ఓసారి చూసింది. "ఆకు రంగు పువ్వుకు వొయ్యింది, పువ్వు రంగు ఆకుకు వచ్చింది గదనే!"

నిజమే, అడుగున గుమ్మడాకు ఎర్రగా ఉంది! నేను ఎరుపు ముందు, ఆకుపచ్చ తర్వాత పంపుతున్నాను. ఈ పట్టీకి ఆకుపచ్చ ముందు కావాలి. పసుపులో ఆ రెండూ సమానం, తెలుపులో మూడు రంగులూ సమానం. అందుకే ఇంట్లో తప్పు బయటపడలేదు. నాకు తెలిసిన రెండు పూలే నా కళ్లు కప్పాయి. ఒక్క లైను మార్చాను. సీతజడ ఎర్రబడింది.

ఆరింటికి స్వరూప మాస్కు కట్టుకుని, బతుకమ్మ తలకెత్తుకుని మైదానంలోకి నడిచింది. అడుగు ఒంగలేదు. బయటి వలయంలో గంటసేపు ఆడింది. నేనూ చప్పట్లు తప్పు కొడుతూనే తిరిగాను.

తీరా అందరూ బతుకమ్మలను విడవడానికి నీళ్ల తొట్టి దగ్గరికి కదిలినప్పుడు ఆమె ఆగిపోయింది. "నాది నీళ్లల్ల ఎట్ల ఇడుస్తనే? సాగనంపకుంటే ఆడినట్టే గాదు." ఆ సంగతి నాకు తట్టనే లేదు.

"ఐదు నిమిషాలు ఆగు. చేసే తీరతా" అని మెట్ల మీద ల్యాప్‌టాప్ తెరిచాను. అడుగు వరస నుంచి మొదలుపెట్టి, మూడు సెకన్లకొక వరస ఆరేలా నాలుగు లైన్లు రాశాను. స్వరూప తొట్టి మీద బతుకమ్మను రెండు చేతులా పట్టుకుంది. నీళ్లు ఎక్కుతున్నట్టే ఒక్కో వరసా చీకటైంది. చివరికి మిగిలింది కొసన యాదమ్మక్క చేసి పెట్టిన పసుపు గౌరమ్మ. దాన్ని స్వరూప తన చేత్తోనే నీళ్లలో విడిచింది. మాస్కు తడిసిపోయింది, ఆయాసంతో కాదు.

ఆ రోజంతా నేను తిరిగింది పట్టుమని పది కిలోమీటర్లు కూడా ఉండదేమో. మాట నిలబెట్టుకున్నది నేనే అయినా, వెదురు బద్ద చుట్టిన చేయి, రంగు తేడా పట్టిన కన్ను నావి కావు. రెండేళ్లు పక్క మంచం మీద పడుకున్నా, ఆమె పండగలో నాకు తెలిసింది రెండు పూలేనన్నది సిగ్గుగానే ఉంది. చట్రం ఇప్పుడు స్వరూపతోపాటు జనగామ వెళ్లింది.

మీరూ ఇలాంటిది చేయాలనుకుంటే ఒక్క మాట: ఇంట్లో పరీక్షించేటప్పుడు పసుపూ తెలుపూ కాదు, ముందు ఎరుపు ఒక్కటే వెలిగించి చూడండి.